పోచంపల్లి చీరా, పోచంపల్లి ప్రింటా?

షాపులో పక్కపక్కన వేలాడుతుంటే రెండిటికీ తేడా చటుక్కున తెలియదు. ప్రింటు చీర చవక. రంగుకొకటి కొనుక్కోవచ్చు, వాషింగ్ మెషిన్‌లో పడేసినా బాధ ఉండదు. రోజూ ఆఫీసుకి అదే నయం, నేనూ కడతాను.

అసలుది వేరే సంగతి. దాని డిజైన్ బట్ట మీద అద్దింది కాదు. నేయకముందే దారానికి ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ముంచుతారు. దీన్నే ఇక్కత్ అంటారు. అందుకే గీతల అంచులు కాస్త అలుక్కుపోయినట్టుంటాయి (అది లోపం అనుకునేవాళ్లూ ఉన్నారు!). తిరగేసి చూడండి, రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. మామూలు ప్రింటైతే వెనక వెలిసినట్టుంటుంది. ఇక ఆసు పోయడం, అంటే ముడులు కట్టేముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుట్టడం. ఒక్క పట్టుచీరకే వేలసార్లు చెయ్యి ఆడించాలి. తన అమ్మ భుజం నొప్పి చూడలేక నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం దానికో యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంత పనికి ధర వేలల్లో ఉండక ఎలా ఉంటుంది?

నా కోపం ప్రింటు మీద కాదు, దానికి 'పోచంపల్లి' అని పేరు తగిలించి అమ్మడం మీద. ఈ మధ్య నాలుగు ప్రింట్లు మానుకుని ఒక నూలు ఇక్కత్ కొంటున్నా. బీరువాలో చోటు కూడా మిగిలింది.