ల్యాన్‌సెయిర్ 360 ల్యాండింగ్ గేర్ మరమ్మతు: ఒక చిన్న హైడ్రాలిక్ వర్క్‌షాపు పనితనంపై సమీక్ష

కిట్ తెచ్చుకుని ఇంట్లో కట్టిన విమానాన్ని బిల్డర్ దగ్గర నుంచి కొనుక్కున్నవారికి అమెరికాలో ఒక చిక్కు ఉంది. మరమ్మతు ఎవరైనా చేసుకోవచ్చు గానీ, ఏటేటా జరగవలసిన కండిషన్ ఇన్‌స్పెక్షన్‌పై సంతకం చేసే అధికారం ఏ అండ్ పీ మెకానిక్ (విమాన దేహం, ఇంజను రెండింటికీ లైసెన్సు ఉన్నవాడు), ఆ విమానానికే రిపేర్‌మన్ సర్టిఫికెట్ పొందిన బిల్డర్ వంటి అర్హులకే ఉంటుంది. అందువల్ల అటువంటి అర్హత లేని నావంటి రెండో యజమాని తన ల్యాన్‌సెయిర్ 360 అనే చిన్న కిట్ విమానాన్ని తీసుకుని ఎవరో ఒకరి దగ్గరకు వెళ్లక తప్పదు. హోమ్‌బిల్ట్ అన్న మాట వినగానే పని ఒప్పుకోని వర్క్‌షాపులేమో చాలా ఉన్నాయి. టెక్సాస్‌లో నేను వెళ్లిన వర్క్‌షాపు ఒప్పుకుంది. లోటుపాట్లు కూడా రాస్తున్నాను కనుక దాని పేరు ఇక్కడ చెప్పడం లేదు.

నా ఫిర్యాదు ఇది: గేర్, అంటే చక్రాల అమరిక, పైకి ముడుచుకున్న తరువాత, ప్రయాణం మధ్యలో, హైడ్రాలిక్ పంపు ఉండుండి తనంతట తానే ఒక్క క్షణం మోగి ఆగిపోతోంది. ఈ విమానంలో గేర్‌ను పైన పట్టి ఉంచడానికి గొళ్లెం వంటిదేమీ లేదు; సిలిండర్లలోని నూనె ఒత్తిడే చక్రాలను పైన నిలుపుతుంది. ఒత్తిడి తగ్గితే ప్రెషర్ స్విచ్ పంపును నడిపిస్తుంది, నిండగానే ఆపేస్తుంది. కాబట్టి పంపు పదే పదే మోగడం పంపు జబ్బు కానక్కరలేదు. నూనె ఎక్కడో ఒక పక్క నుంచి మరో పక్కకు జారుతోందన్న సూచన అది. అలాగని మోగిన ప్రతిసారీ లీకు అనుకోనక్కరలేదు కూడా. ఎత్తుకు వెళ్లి చల్లబడినప్పుడు గొట్టాల్లో బంధించి ఉన్న నూనె కొద్దిగా కుంచించుకుపోయి ఒత్తిడి పడిపోతుంది; ఆ రకం మోత ఆరోహణ ముగిసిన కాసేపటికి తగ్గిపోతుంది. అలా తగ్గకుండా, సమాన వ్యవధుల్లో మోగుతూనే ఉంటే మాత్రం లీకే. టెక్నీషియన్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఈ తేడా గురించే కావడంతో సరైన చోటికే వచ్చానని నాకు అనిపించింది.

రెండో పని కూడా నాకు నచ్చింది. రెంచీ పట్టుకోకముందే ఆయన వోల్ట్‌మీటర్ తీసి, పంపు నడుస్తుండగా మోటారు టెర్మినళ్ల దగ్గర వోల్టేజి కొలిచారు. ఫైబర్‌గ్లాస్ విమానంలో ఎర్త్‌గా వాడుకోవడానికి లోహపు ఒళ్లు ఉండదు. ఎర్త్ కరెంటు కూడా వైరు మీదుగానే బ్యాటరీకి తిరిగి రావాలి. ఆ వైరు చివర తుప్పు పట్టినా, రిలే కాంటాక్టులు మాడినా గేర్ నెమ్మదిగా కదులుతుంది, యజమాని అది నూనె సమస్య అనుకుని పంపు కొంటాడు. నా విమానంలో విద్యుత్తు సవ్యంగానే ఉందని తేలింది.

తరువాత విమానాన్ని జాకీల మీద నిలిపి, గేర్ పైకెత్తి, పంపు సర్క్యూట్ బ్రేకర్ లాగి, ప్రెషర్ గేజి ముల్లు పడిపోవడాన్ని గమనించారు. బయట ఎక్కడా ఎర్రటి 5606 రకం హైడ్రాలిక్ నూనె చుక్క కనబడలేదు కాబట్టి లీకు లోపలిదే. ఇక్కడ అనుమానితులు నాలుగు: పవర్ ప్యాక్‌లోని (పంపు, మోటారు ఉన్న యూనిట్) చెక్ వాల్వు, అంటే నూనెను ఒకే దిశలో పోనిచ్చే వాల్వు, అత్యవసరంగా గేర్ దించే డంప్ వాల్వు, ముక్కు చక్రం సిలిండర్, ఎడమ, కుడి ప్రధాన చక్రాల సిలిండర్లు. ప్రతిసారీ ఒత్తిడి పూర్తిగా వదిలి, ఒక్కొక్క గొట్టానికి మూత బిగించి, మిగిలిన భాగాన్ని మళ్లీ ఒత్తిడికి తెచ్చి చూశారు. ఎడమ సిలిండర్‌ను వేరు చేసినప్పుడు ముల్లు కదలకుండా నిలిచిపోయింది. చాలా ఓపిక కావలసిన పద్ధతి ఇది. పని గంటల లెక్కన బిల్లు పెరుగుతుంది కూడా. అయినా అంచనా మీద పంపు మార్చి, ఆ తరువాత అసలు లీకు కోసం వెతుక్కునే ఖర్చుతో పోలిస్తే ఇదే చవక.

సిలిండర్ విప్పినప్పుడు పిస్టన్ మీది నైట్రైల్ రబ్బరు ఓ-రింగును (నూనె జారకుండా ఆపే గుండ్రటి సీలు) భూతద్దం కింద నాకు చూపించారు. దాని ఒక అంచు మాత్రం ఎలుక కొరికినట్టు చిన్న చిన్న ముక్కలుగా ఊడిపోయింది, రెండో అంచు నున్నగానే ఉంది. ఒత్తిడికి రబ్బరు పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందులోకి తోసుకుపోయి తెగడం వల్ల వచ్చే గుర్తు అది. వట్టి వయసు వల్ల అయితే రింగు గట్టిపడి, గుండ్రదనం పోయి చదునుగా మారుతుంది. అందుకే కొత్త రింగు ఒక్కటే వేసి ఊరుకోకుండా, గాడి వెడల్పు కొలిచి, చోటుందని తేల్చుకున్నాక, తక్కువ ఒత్తిడి ఉండే పక్కన, రబ్బరు సందులోకి తోసుకుపోకుండా ఆపే బ్యాకప్ రింగు కూడా అమర్చారు. తిరిగి నింపడానికి 5606 నూనే వాడారు. కారు బ్రేకుల్లో పోసే డాట్ 3 ద్రవం నైట్రైల్ సీళ్లను ఉబ్బించి పాడు చేస్తుందన్న సంగతి తెలియనివారు ఇంకా ఉన్నారు కనుక ఈ మాట రాస్తున్నాను.

ఇక లోటుపాట్లు. రాతపని చాలా బలహీనం: ఏ కొలత రింగు వేశారో లాగ్‌బుక్‌లో రాయించుకోవడానికి నేను రెండోసారి అడగవలసి వచ్చింది. రిజర్వాయరులో నూనె మట్టం గేర్ ఏ స్థితిలో ఉండగా చూడాలో కూడా చెప్పలేదు. పిస్టన్ రాడ్ బయటికి ఉన్నప్పుడూ లోపల ఉన్నప్పుడూ సిలిండర్ పట్టే నూనె వేరు కనుక, తప్పు స్థితిలో నింపితే పొంగిపోతుంది. అన్నిటికంటే పెద్ద లోటు అత్యవసర పరీక్ష విషయంలో. డంప్ వాల్వు తెరిచి, జాకీల మీద మూడు చక్రాలూ దిగి లాక్ అయ్యాయని చూపి సరిపెట్టారు. ముక్కు చక్రం వెనక్కి ముడుచుకునే రకం, అంటే దిగేటప్పుడు ఎదురుగాలిని నెట్టుకుంటూ ముందుకు రావాలి. ఆ తోపు ఇచ్చేది గ్యాస్ స్ట్రట్, అంటే లోపల బిగించిన వాయువు ఒత్తిడితో నెట్టే కడ్డీ. గాలి లేని హ్యాంగర్‌లో నీరసించిన స్ట్రట్ కూడా పరీక్ష దాటిపోగలదు. నేను అడిగాకనే దాని బలాన్ని విడిగా చూశారు.

ధర తక్కువేమీ కాదు, తొందర పని అడిగితే ఒప్పుకోరు. అయినా లోపల లీకు ఉందన్న అనుమానం ఉన్న ల్యాన్‌సెయిర్ యజమానికి ఈ వర్క్‌షాపు వంటిదాన్నే వెతుక్కోమంటాను. వెళ్లేటప్పుడు బిల్డర్ గీసుకున్న గొట్టాల పటం, స్విచ్‌ల ఒత్తిడి సెట్టింగుల కాగితం వెంట తీసుకెళ్లడం మంచిది. ఒకే కిట్ నుంచి వచ్చిన రెండు విమానాల్లో గొట్టాలు ఒకే దారిన వెళ్లాలన్న నియమం లేదు, ఆ దారి కనిపెట్టడానికి పట్టే గంటలు కూడా బిల్లులోకే చేరతాయి.