700×40 ట్యూబ్‌లెస్ బటన్ టైరు: పర్లాకిమిడి ఎర్రమట్టి దారుల మీద ఎలా ఉంటుంది

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆర్.ఉదయగిరి వైపు కొండెక్కే దారులకీ, గుణుపురం చుట్టుపక్కల గ్రావెల్ రోడ్లకీ లోపల ట్యూబు అక్కర్లేని, 40 మి.మీ. వెడల్పున్న ఈ సైకిలు టైరు పనికొస్తుందా అంటే, సంక్రాంతి నుంచి మృగశిర దాకా భేషుగ్గా పనికొస్తుంది. వానలు పడ్డాక వేరే లెక్క.

మధ్యలో చిన్న రబ్బరు బటన్లు ఒత్తుగా, అంచుల్లో కాస్త పెద్దవి ఉండే రకం ఇది. తారు మీద బరువుగా లాగదు. ఆరిన గ్రావెల్ మీద మలుపు తిరిగేటప్పుడు అంచు బటన్లు నేలని బాగానే పట్టుకుంటాయి. మెటల్ పరిచి రోలర్ తిప్పకుండా వదిలేసిన రోడ్డు మాత్రం దీనికి అప్పగించకండి, దిగి నడిపించడమే నయం.

గాలి దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో 60 పీఎస్ఐ కొట్టించుకుంటే టైరు ప్రతి రాయి మీదా గంతులేస్తుంది, ఎక్కుడులో వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మనిషి 70 కిలోలు, సైకిలు 11 కిలోలైతే ముందు 30, వెనక 34తో మొదలుపెట్టండి. రిమ్ రాయికి తగిలి టక్కుమంటే 2 పెంచండి. చేతులు తిమ్మిరెక్కుతుంటే 2 తగ్గించండి.

అసలు ఈ టైరు కొనాల్సింది పల్లేరుకాయల కోసం. ట్యూబు ఉన్న టైరుకి ఒక్క కాయ చాలు. ట్యూబ్‌లెస్‌లో టైరుకి 60 మి.లీ. సీలెంట్ (చిల్లుని మూసే ద్రవం) ఉంటే ముల్లు పీకేసి, ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఉంచితే మూసుకుపోతుంది. పెద్ద చిల్లయితే ప్లగ్ (రబ్బరు పోగు) దూర్చాలి. పక్కగోడ చీలితే రెండూ పనిచేయవు. లోపల పాత టైరు ముక్క పెట్టి, ట్యూబు వేసుకుని ఇల్లు చేరాలి.

ఎండాకాలం ఇక్కడి వేడికి సీలెంట్ రెండు నెలల్లోనే ఎండిపోవచ్చు. వాల్వు పైకి ఉంచి గాలి తీసేయండి, తర్వాత చక్రం తిప్పి వాల్వుని కిందికి తెచ్చి, దాని కోర్ (గాలిని ఆపే లోపలి భాగం) విప్పి చీపురుపుల్ల దించండి. తడి అంటకపోతే 30 మి.లీ. పోయండి. కోర్‌లో గడ్డకట్టిన రబ్బరుని కూడా అప్పుడే గీకేయండి. గాలి ఎక్కడం లేదని పంపుని తిట్టేవాళ్లలో సగం మందికి జబ్బు అక్కడే.

బిగించడం కష్టమేం కాదు. రిమ్‌కి అంటించే టేపు, రిమ్ లోపలి వెడల్పు కంటే 2-3 మి.మీ. ఎక్కువ ఉండాలి, కింద బుడగలు మిగలకూడదు. టైరు అంచులకి సబ్బునీళ్లు రాసి, కోర్ తీసేసి గబగబా పంపు కొడితే రెండువైపులా ఫట్‌మని కూర్చుంటుంది.

వానాకాలం సంగతి: జిగట ఎర్రబురద ఒత్తు బటన్ల మధ్య ఇరుక్కుని, టైరు నున్నటి గుండులా తయారవుతుంది. ఫోర్కు దగ్గర ఇరువైపులా కనీసం 6 మి.మీ. ఖాళీ లేకపోతే బురదలోని గులకరాళ్లు రంగు గీకేస్తాయి, చివరికి చక్రమే ఆగిపోతుంది. ఆ నెలల్లో ఎడంగా బటన్లున్న టైరు వేయండి, లేదా తారు రోడ్డు పట్టండి.

ఇక విడిభాగాలు. పల్లెటూరి సైకిలు షాపులో 28×1½ టైరు చూపించి ఇదీ అదే సైజంటారు. పక్కన అచ్చేసిన అంకె చూడండి: దానిది 40-635, మనది 40-622 (మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ వ్యాసం, మి.మీ.లలో). రిమ్ వ్యాసంలో 13 మి.మీ. తేడా, ఎంత లాగినా కూర్చోదు. ట్యూబుదీ అదే తంటా. అక్కడ దొరికే ట్యూబు మామూలు వాల్వు లావు 8 మి.మీ., సన్న వాల్వు (ప్రెస్టా) కోసం మన రిమ్‌కుండే చిల్లు 6.5 మి.మీ. డ్రిల్లుతో చిల్లు పెద్దది చేస్తానంటే ఒప్పుకోకండి, రిమ్ బలహీనపడుతుంది. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో సన్న వాల్వు ట్యూబులు రెండు తెప్పించి సీటు కింద సంచిలో పెట్టుకోండి, కంప్రెసర్ గాలికి ఇత్తడి అడాప్టర్ ఒకటి జత చేయండి.