చిల్లర విరాళమా, సరుకు విరాళమా?

నాలుగైదు బ్రాంచీలున్న కిరాణా సంస్థ ఊరికి చేతనైంది చేయాలనుకుంటే ముందు తట్టే దారులు ఈ రెండే.

చిల్లరది తేలిక. బిల్లును పై అంకెకు సరిచేసి, ఆ తేడాను విరాళంగా తీసుకుంటారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో దానికి విడిగా కోడ్ పెట్టాలి, లేకపోతే అమ్మకాల్లో కలిసిపోతుంది. ఆ డబ్బు కస్టమర్లది. షాపు దాన్ని తన దానంగా చెప్పుకోవడం బాగోదు. ఏడాదంతా అడిగితే అడిగేవాళ్లకూ విసుగే, వినేవాళ్లకూ విసుగే. రెండు మూడు వారాలు చాలు.

సరుకు విరాళానికి చాకిరీ ఎక్కువ, కానీ నా ఓటు దానికే. అమ్ముడుపోక పారేయాల్సి వచ్చే సరుకు ఎవరి కడుపైనా నింపుతుంది. రోజూ పొద్దున్నే అరల్లో తేదీలు చూసి, గడువు దగ్గరపడినవి పక్కకు తీయాలి. ‘బెస్ట్ బిఫోర్’ నాణ్యతకు సంబంధించిన తేదీ; ‘యూజ్ బై’ భద్రతకు సంబంధించినది, అది దాటితే ఇవ్వనే కూడదు. స్టాకులోంచి తీసేటప్పుడు ‘పాడైంది’ అని కాక ‘విరాళం’ అని రాయాలి, లేదంటే లెక్క తేలదు.

ఎక్కువగా బెడిసికొట్టేది, విరాళం తీసుకునే సంస్థ పంపే వ్యాను దగ్గరే. వాళ్లు వస్తున్నామంటారు, షాపువాళ్లు పాల ట్రేలు బయట పెడతారు, వ్యాను రాదు. పాలు, మాంసం 5 డిగ్రీల సెల్సియస్ లోపే ఉండాలి. బండి గుమ్మంలో ఆగాకే ఫ్రిజ్ తెరవాలి.

సిబ్బంది వేడుక రోజున ఈ విరాళపు సరుకు సర్దే పని కూడా కలిపితే, ఆ గంటలకూ జీతం కట్టాలి.