టబ్బు డ్రెయిన్ సెట్టు మంచిదే, దాంతో ఇచ్చిన కాగితంతోనే తంటా

కొత్త బాత్ టబ్బు కొంటే డ్రెయిన్, ఓవర్‌ఫ్లో దాంతోనే వస్తాయనుకున్నాను. రాలేదు. టబ్బుకి రెండు బొక్కలు మాత్రం ఉన్నాయి, అడుగున డ్రెయిన్‌కి ఒకటి, నీళ్లు మరీ నిండితే పోవడానికి పక్క గోడకి పైన ఓవర్‌ఫ్లోకి ఒకటి. వాటికి బిగించే సామానంతా విడిగా కొనాల్సి వచ్చింది. నేను తీసుకున్నది ఒకటిన్నర అంగుళం ప్లాస్టిక్ పైపుల సెట్టు, పైన కనిపించే జాలీ మాత్రం ఇత్తడిది, క్రోమ్ పూత. మూత కాలి వేలితో నొక్కితే మూసుకునే రకం. వాడటం మొదలుపెట్టి 3 నెలలైంది.

ముందు మంచి చెప్తాను. సామాను గట్టిది. ఇత్తడి జాలీ మరలు శుభ్రంగా ఉన్నాయి, ముందు కాస్త వెనక్కి తిప్పి, టక్కుమని కూర్చున్నాక ముందుకి తిప్పితే చేత్తోనే సాఫీగా దిగింది. ఇక్కడ తొందరపడి వంకరగా ఎక్కిస్తే కింద ప్లాస్టిక్ ఎల్బో (వంపు పైపు) మరలు పాడవుతాయి, తర్వాత ఏం పూసినా లీకు ఆగదు. పైపులు కాస్త పొడుగ్గానే ఇచ్చారు, మన టబ్బు ఎత్తుకి కోసుకోవచ్చు. జాయింట్లకి జిగురు అక్కర్లేదు, నట్టు, వాషర్‌తోనే బిగుస్తాయి. అయితే ఇలాంటి జాయింట్లు ఉన్నప్పుడు టబ్బు పక్కన చిన్న తలుపు ఒకటి వదలాలి, మొత్తం టైల్స్ వేసి మూసేస్తే రేపు నట్టు వదులైనా గోడ పగలగొట్టడమే గతి.

ఇక ఎలా బిగించాలో చెప్పే కాగితం సంగతి. నాలుగు బొమ్మలు, పక్కన చీమ తలకాయలంత అక్షరాలు. జాలీ కింద పుట్టీ పెట్టమని ఉంది, ఏ టబ్బుకి అన్నది లేదు. నాది యాక్రిలిక్. మామూలు ప్లంబర్ పుట్టీలో ఉండే నూనె యాక్రిలిక్‌కి పడదు, మరక పడొచ్చు, పగుళ్లూ రావచ్చు. పుట్టీ డబ్బా వెనకే ఆ మాట రాసి ఉంది కాబట్టి బతికిపోయాను. సిలికాన్ పెట్టి 24 గంటలు ఆగాను.

అసలు గొడవ ఓవర్‌ఫ్లో దగ్గర. అన్నీ బిగించాక మూత నొక్కి, టబ్బులో సగానికి నీళ్లు పట్టి గంట వదిలాం. కింద జాయింట్లకి టిష్యూ కాగితం చుట్టి పెడితే పొడిగానే ఉంది. మా బావమరిది అప్పటికే చేతులు కడిగేసుకున్నాడు. నేనే, ఎందుకైనా మంచిదని ఓవర్‌ఫ్లో దాకా నింపుదామన్నాను. నింపాం. ఐదు నిమిషాల్లో అడుగు ఎల్బో దగ్గర టిష్యూ తడిసింది. మేమిద్దరం ఆ ఎల్బో మీద పడి, విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, మళ్లీ నింపి, ఇలా రెండుసార్లు చేశాం, తడి మాత్రం పోలేదు. మూడోసారి వాడు టార్చ్ పెట్టుకుని కింద పడుకుని, "బావా, ఇది ఇక్కడి నీళ్లు కాదు, పైనుంచి జారుతున్నాయి" అన్నాడు. పైపు వెనక వేలు పెట్టి పైకి రాస్తే నిజమే, సన్నటి తడి గీత ఓవర్‌ఫ్లో రబ్బరు దాకా ఉంది.

ఆ రబ్బరు అంతటా ఒకే మందం కాదు. ఒక వైపు లావు, ఒక వైపు పల్చన. టబ్బు గోడ పైకి పోయేకొద్దీ బయటికి వాలుతుంది, వెనక పైపేమో నిటారుగా నిలబడుతుంది, అందుకని రెండింటి మధ్య సందు కింది వైపు ఎక్కువ. లావు భాగం కిందికి రావాలి. మేం తలకిందులు పెట్టాం. కాగితంలో బొమ్మ చూస్తే గుండ్రటి వాషర్‌లాగే ఉంది మరి, ఏది పైనో ఏది కిందో ఎలా తెలుస్తుంది? తిప్పి పెట్టి, ముందు పలక రెండు స్క్రూలూ ఒకేసారి కాకుండా ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తే ఆగింది. పానా పెట్టి బలం చూపించకండి, యాక్రిలిక్ పగిలితే టబ్బే పోతుంది.

ఓవర్‌ఫ్లో దాకా నింపకుండా పని అయిపోయిందని ఎవరన్నా నమ్మకండి, ప్లంబరైనా సరే. రోజూ స్నానానికి నీళ్లు అంత పైకి రావు, లీకు ఉన్నా కనపడదు, ఎప్పుడో పంపు కట్టడం మర్చిపోయిన రోజున గోడ లోపలికి దిగుతాయి.

మూత గురించి ఒక మాట. కాలితో నొక్కడం హాయిగానే ఉంది, కానీ కింద స్ప్రింగు కడ్డీకి వెంట్రుకలు చుట్టుకుంటాయి. నెలకోసారి విప్పి తీయాలి, చేత్తో తిప్పితే వచ్చేస్తుంది, రెండు నిమిషాల పని. బద్ధకించిన నెల నీళ్లు నిదానంగా పోయాయి.

సామానుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. కాగితానికి ఒకటి, అదీ బొమ్మలు గీసినవాడు కష్టపడ్డాడు కదా అని.