పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ ఆరేళ్లు వాడాక: ఆ 35 బిల్లులు ఎక్కడికి పోయాయి?

సీక్వెన్స్ అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అడిగిన ప్రతిసారీ తర్వాతి నంబరు ఇచ్చే ఏర్పాటు. దాన్ని ఎలా పెట్టాలో ఇక్కడ చెప్పను. నా గొడవంతా మధ్యలో మాయమయ్యే నంబర్లతోనే.

విజయవాడలో మా అన్నయ్య మందుల హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేనే రాశాను. నాలుగు కౌంటర్లు, రోజుకి మూడొందల బిల్లులు. మొదట అందరిలాగే మ్యాక్స్ ప్లస్ వన్ పెట్టాను, అంటే ఉన్నవాటిలో పెద్ద నంబరుకి ఒకటి కలపడం. ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా నడిచింది, షాపులో ఇద్దరు ఒకేసారి ఎంటర్ కొట్టగానే ఇద్దరికీ ఒకే నంబరు. సీక్వెన్స్‌కి మారాక ఆ తలనొప్పి పోయింది. ఎవరి నెక్స్ట్‌వాల్ (సీక్వెన్స్‌ని తర్వాతి నంబరు అడగడం) వాళ్ళది, ఒకరి కోసం ఇంకొకరు ఆగక్కర్లేదు, ఆరేళ్లలో డూప్లికేట్ అన్నదే లేదు.

రెండో ఏడు మార్చి నెల జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను) వేసేటప్పుడు మొదలైంది అసలు కథ. అందులో 13వ టేబుల్‌లో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా బిల్లులు ఇచ్చారో, మొత్తం ఎన్నో, రద్దయినవి ఎన్నో రాయాలి కదా. ఆడిటర్ గారు ఫోన్ చేసి, 35 నంబర్లు బిల్లుల్లో లేవు, రద్దయిన వాటిలోనూ లేవు, ఏమయ్యాయి అన్నారు. షాపు భాషలో దానికి ఒక్కటే అర్థం: ఎవడో బిల్లు చింపేసి డబ్బు జేబులో వేసుకున్నాడు. అన్నయ్య అనుమానం నేరుగా మూడో కౌంటర్ కుర్రాడి మీదికి పోయింది, కొత్తగా చేరాడన్న ఒకే ఒక్క కారణంతో. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

రాత్రంతా లాగ్‌లు తిరగేస్తే దొంగ దొరికాడు, నేనే. స్టాకు మైనస్‌లోకి పోకుండా చెక్ పెట్టాను. బిల్లు ముందు ఇన్సర్ట్ అయి నంబరు తీసుకుంటుంది, తర్వాత ఏదో మందు స్టాకు చాలక మొత్తం రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే అప్పటిదాకా చేసిందంతా రద్దు. బిల్లు రద్దవుతుంది కానీ సీక్వెన్స్ ఇచ్చేసిన నంబరు వెనక్కి రాదు. అలా పోయినవి 9. మిగతా 26 ఒకే వరుసలో ఉన్నాయి, యూపీఎస్ చచ్చిపోయి సర్వర్ ఠక్కున ఆగిపోయిన రోజువి. పోస్ట్‌గ్రెస్ 32 నంబర్ల దాకా ముందే లాగ్‌లో రాసేసుకుంటుంది, క్రాష్ అయితే వాటిలో వాడనివి పోయినట్టే. ఇది బగ్ కూడా కాదు, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, చదవంది నేను. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే వేరే డేటాబేస్ వాడే నా ఫ్రెండ్‌కి చెబితే నవ్వాడు, వాళ్ళ ఐడెంటిటీ (అక్కడ నంబర్లు ఇచ్చేది) సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు ఏకంగా వెయ్యి దూకిందట.

ఇప్పుడు సీక్వెన్స్ లోపలి ఐడీకే. బిల్లు నంబరుకి వేరే టేబుల్, కౌంటర్‌కి ఏడాదికి ఒక్కో రో, సరిగ్గా కమిట్‌కి (బిల్లు ఖాయమయ్యే క్షణానికి) ముందు దాన్ని అప్‌డేట్ చేసి నంబరు తీసుకుంటాను. బిల్లు రోల్‌బ్యాక్ అయితే ఆ అప్‌డేట్ కూడా రద్దవుతుంది, నంబరు వృథా కాదు. జీఎస్టీ రూల్ 46 ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు ఒప్పుకుంటుంది (నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఏడాదిలో మళ్ళీ రాకూడదు), అందుకని ఒక కౌంటర్ తన రోకి లాక్ పెట్టినా పక్కవాళ్ళు ఆగరు. నాలుగు కౌంటర్లకి ఇది హాయిగా సరిపోతోంది, అందరూ ఒకే సిరీస్ వాడే పెద్ద చోట క్యూ కడతారేమో.

అన్నట్టు, డూప్లికేట్ లేదన్నాను కానీ ఒకసారి వచ్చింది. పాత బిల్లులు ఐడీలతో సహా ఎక్కించి సెట్‌వాల్ (సీక్వెన్స్ ఏ నంబరు దాకా వచ్చిందో దానికి చెప్పడం) కొట్టడం మర్చిపోయాను, మర్నాడు పొద్దున మొదటి బిల్లే డూప్లికేట్ కీ ఎర్రర్‌తో పడిపోయింది.

కుర్రాడు ఇంకా అక్కడే ఉన్నాడు. స్టాకు చాలదని మెసేజ్ వస్తే చాలు, స్క్రీన్ ఫోటో తీసి నాకు వాట్సాప్ పెట్టేస్తాడు.