ఏహిప్ సర్టిఫికెట్‌ను ప్రభుత్వ ముద్ర అనుకోకండి: తల్లిదండ్రులకు మెడికేర్ తీసుకోబోయేవారికి హెచ్చరిక

గ్రీన్‌కార్డు మీద అమెరికాలో అయిదేళ్లు పూర్తిచేసుకొని, అరవై అయిదు దాటిన తల్లిదండ్రులకు, పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ తీసుకోబోతున్న తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మ విషయంలో నేను చేసిన పొరపాటు మీ ఇంట్లో జరగకూడదు.

డాలస్ శివారులోని మా ఇంటికి తెలిసినవాళ్ల ద్వారా ఒక తెలుగు ఏజెంటు వచ్చాడు. మర్యాదస్తుడు. అమ్మను పిన్నిగారూ అని పిలుస్తూ, ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్‌లో ఉండే బదులు ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లానులో చేరితే, మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగమైన పార్ట్ బీకి కట్టేది తప్ప వేరే ప్రీమియం లేకుండానే పళ్ల వైద్యం, కళ్లద్దాలు కూడా కలిసివస్తాయని వివరించాడు. నేను తటపటాయిస్తుంటే ఫోనులో ఒక సర్టిఫికెట్ తీసి చూపించాడు. "ఏహిప్ పరీక్ష ఏటా రాయాలండీ. తొంభై శాతం వస్తేనే ప్యాసు. అది లేకపోతే కంపెనీ మమ్మల్ని అమ్మనివ్వదు" అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ పేరు వినగానే అదేదో ప్రభుత్వ సంస్థ అయివుంటుందని నేనే అనుకున్నాను, సంతకం పెట్టించాను.

ఏహిప్ అనేది ఆరోగ్య బీమా కంపెనీల వాణిజ్య సంఘం. రెండు పాత సంఘాలు కలిసిపోవడంతో 2003లో ఏర్పడింది. వాటిలో ఒకటి 1993-94లో క్లింటన్ ఆరోగ్య ప్రణాళికకు వ్యతిరేకంగా, హ్యారీ, లూయీస్ అనే భార్యాభర్తలు ఇంట్లో కూర్చుని దిగులుపడుతున్నట్టు టీవీ ప్రకటనలు వేయించిన సంఘమే. 2009లో ఒబామా ఆరోగ్య చట్టంపై చర్చ నడుస్తున్నప్పుడు ఏహిప్ పైకి సంస్కరణకు సుముఖమేనని చెబుతూనే, వ్యాపార సంస్థల సంఘమైన ఛాంబర్ ఆఫ్ కామర్స్‌కు 8.62 కోట్ల డాలర్లు ఇచ్చిందనీ, ఆ సొమ్ము బిల్లును వ్యతిరేకించే ప్రచారానికి ఉపయోగపడిందనీ మరుసటి ఏడాది పత్రికల్లో వచ్చింది. సభ్యుల తరఫున వాషింగ్టన్‌లో వాదించడం ఆ సంఘం పని, అది చట్టవిరుద్ధమూ కాదు. అయితే అలాంటి సంఘం పెట్టే పరీక్ష వల్ల ఏజెంటుకు నియమాలు తెలుసునని మాత్రమే తేలుతుంది. అతను చూపించే ప్లాను మీ అమ్మగారికి సరిపడుతుందా లేదా అన్నది దానివల్ల తేలదు. అడ్వాంటేజ్ ప్లానులో కొత్తగా ఒకరిని చేర్పిస్తే 2025లో చాలా రాష్ట్రాల్లో ఏజెంటుకు గరిష్ఠంగా 626 డాలర్ల దాకా కమిషన్ వచ్చేదన్న సంగతి కూడా అప్పుడు నాకు తెలియదు.

పద్నాలుగో నెలలో అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. నడక మళ్లీ నేర్పించడానికి నర్సింగ్ కేంద్రంలో ఉంచాలని డాక్టరు రాశారు, ప్లాను ఒప్పుకుంది. పదకొండో రోజు సాయంత్రం, గురువారం నాడు, అక్కడి ఉద్యోగి ఒకరు అమ్మ చేతికి రెండు పేజీల కాగితం ఇచ్చి సంతకం చేయించుకున్నారు. ఇంటికి పంపే కాగితమేమో అనుకొని ఆవిడ చేసేసింది. శనివారంతో ప్లాను డబ్బు కట్టడం ఆపేస్తుందన్న నోటీసు అది. దానికి ఒప్పుకోకపోతే శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలలోపు బయటి సమీక్షా సంస్థకు ఫోను చేసి అప్పీలు చేయాలని అందులోనే ఉంది. నేను దాన్ని శనివారం ఉదయం ఆవిడ దిండు పక్కన చూశాను. ఆ ముందురోజు ఫిజియోథెరపిస్టు రాసిన నోట్సులో, వాకరు పట్టుకొని పన్నెండు అడుగులు నడిచిందని ఉంది. మంచం దగ్గరి నుంచి బాత్‌రూముకు అంతకంటే ఎక్కువ దూరం. గడువు దాటాకే అప్పీలు చేసుకోవలసి వచ్చింది. చేశాం, తిరస్కరించారు. తర్వాతి తొమ్మిది రోజుల ఖర్చు మేమే భరించాం. ఒరిజినల్ మెడికేర్‌లో, మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఆసుపత్రిలో ఉన్నాక ఇలాంటి సంరక్షణ అవసరమైతే, మొదటి ఇరవై రోజులకు రోగి ఏమీ చెల్లించనక్కర్లేదు.

ఇది మా ఒక్కరి దురదృష్టమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. చికిత్సకు ముందే ప్లాను దగ్గర తీసుకోవలసిన అనుమతిని ముందస్తు అనుమతి అంటారు. అడ్వాంటేజ్ ప్లాన్లు తిరస్కరించిన ముందస్తు అనుమతుల్లో 13 శాతం మెడికేర్ నియమాల ప్రకారం ఇవ్వవలసినవేనని ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2022లో తేల్చారు. ఆరోగ్య విధానాలను అధ్యయనం చేసే కేఎఫ్ఎఫ్ అనే సంస్థ లెక్కల ప్రకారం 2023లో 32 లక్షల అభ్యర్థనలు పూర్తిగానో కొంతమేరకో తిరస్కరణకు గురయ్యాయి. అప్పీలు చేసింది 11.7 శాతానికే, చేసినవాటిలో 81.7 శాతం నిర్ణయాలు మారాయి. ఈ అనుమతుల పద్ధతిని చక్కదిద్దే బిల్లు 2022 సెప్టెంబరులో ప్రతినిధుల సభ దాటింది కానీ సెనేటు దాటలేదు. 2025 జూన్‌లో ఏహిప్, మరో సంఘంతో కలిసి, కంపెనీలు ముందస్తు అనుమతులను తగ్గిస్తాయని ప్రకటించింది. అది కంపెనీలు తమంతట తాము ఇచ్చిన మాట, చట్టం కాదు. ఏజెంటు ఆ ప్రకటన చూపించి "ఇప్పుడంతా మారిపోయిందండీ" అంటే, మీ ప్లానులో ఏయే చికిత్సలకు అనుమతి అక్కర్లేదో కాగితం మీద ఇమ్మని అడగండి.

అమ్మ ఇంకా నర్సింగ్ కేంద్రంలో ఉండగానే ఇంటికి ఒక రంగుల పోస్టుకార్డు వచ్చింది. మీ మెడికేర్ అడ్వాంటేజ్‌కు ముప్పు ఉంది, మీ సెనేటరుకు ఫోను చేసి కాపాడుకోండి అని పెద్ద అక్షరాల్లో వేశారు. కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చే చెల్లింపులు తగ్గించే మాట వచ్చినప్పుడల్లా ఇలా పెద్దవాళ్ల చేతనే మాట్లాడించడం పాత పద్ధతి. 2023 తొలినాళ్లలో చెల్లింపుల లెక్క మార్చాలని ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు బీమా రంగం గట్టిగా ఎదురుతిరిగింది, చివరికి ఆ మార్పును మూడేళ్లలో విడతలుగా అమలు చేస్తామన్నారు. మీ ఇంటికి అలాంటి కార్డు వస్తే, అది పంపినవారికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడకుండా పెద్దవాళ్ల చేత ఫోను చేయించకండి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసిన చోటు ఇది. ఒరిజినల్ మెడికేర్ కట్టని వాటాను భరించే మెడిగ్యాప్ పాలసీని, అరవై అయిదు దాటి పార్ట్ బీ మొదలైన నెల నుంచి ఆరు నెలలలోపు తీసుకుంటే, ఉన్న జబ్బులను చూపించి కంపెనీ కాదనలేదు. ఆ గడువు పోయాక, కొన్ని మినహాయింపులు తప్ప, ఆరోగ్య ప్రశ్నలు అడిగి నిరాకరించవచ్చు. న్యూయార్క్, కనెటికట్, మసాచుసెట్స్, మెయిన్ రాష్ట్రాలు మాత్రం ఇందుకు భిన్నం. మేమున్నది టెక్సస్. అమ్మను ఒరిజినల్ మెడికేర్‌కు మార్చవచ్చు, కానీ విరిగిన తుంటితో, షుగరుతో ఉన్న ఆవిడకు మెడిగ్యాప్ ఇవ్వడానికి మేము అడిగిన రెండు కంపెనీలూ ఒప్పుకోలేదు.

ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ప్రభుత్వ ఉచిత సలహా కేంద్రం ఉంటుంది, అక్కడివాళ్లకు కమిషన్ ఉండదు. 1-800-మెడికేర్‌కు ఫోను చేస్తే మీ రాష్ట్రపు నంబరు చెబుతారు. అవసరమైతే తెలుగు దుబాసీని అడగండి. ఏజెంటు ఎంత దగ్గరివాడైనా ముందు వాళ్లతో మాట్లాడండి. ఇప్పటికే అడ్వాంటేజ్‌లో ఉన్నవారు మార్చుకోవడానికి అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా గడువు ఉంటుంది. పాత ప్లాను వదలడానికి ముందే మెడిగ్యాప్ దొరుకుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇక ఆసుపత్రిలోగాని, నర్సింగ్ కేంద్రంలోగాని ఏ కాగితం ఇచ్చినా, సంతకం పెట్టకముందే ఫోటో తీసి పంపమని అమ్మానాన్నలకు ఈరోజే చెప్పండి.