మారతహళ్లిలో సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? ముందు చక్రం శబ్దం వినండి

బెంగళూరులో మారతహళ్లి వైపు మన తెలుగువాళ్లకు పాత కార్లు ఇప్పించే ఆ బ్రోకర్ మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయను. ఆదివారం అతని దగ్గర 2018 మోడల్ పెట్రోల్ కారు తీసుకున్నాను. ఈరోజు బుధవారం, కారు షెడ్డులో జాకీ మీద ఉంది.

టెస్ట్ డ్రైవ్ పేరుతో పణత్తూరు సందుల్లో తిప్పాడు. బండి 30 దాటితే ఒట్టు. ఒక్కచోట ఖాళీ దొరికి 50కి తీసుకెళ్తే ఎడమవైపు నుంచి సన్నగా హోరు వినిపించింది. ఏంటని అడిగితే “టైర్ల సౌండ్ అన్నా, ఇక్కడి రోడ్లు తెలుసు కదా” అంటూ పాటల వాల్యూమ్ పెంచాడు. అప్పుడే దిగిపోవాల్సింది. పది నిమిషాల ముందే నాలుగూ కొత్త టైర్లని ఇతనే చూపించాడు. టైరు మీద వారం, సంవత్సరం చెప్పే నాలుగు అంకెలు నేనే చదివి సంతోషపడ్డాను. ఎగుడుదిగుడుగా అరిగిన పాత టైర్లు హోరుమంటాయి గానీ కొత్తవాటికి ఆ శబ్దం ఎక్కడిది? ఆ ఒక్క ప్రశ్న తట్టక 3.50 లక్షలు చేతిలో పోసి, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నానని సంతకం పెట్టాను.

సోమవారం తిరుపతి బయలుదేరాం. హొసకోటె దాటి 80 అందుకోగానే కారంతా హోరు. మా మామగారు ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. “స్టీరింగ్ కాస్త కుడికి తిప్పండి బాబూ, ఇప్పుడు ఎడమకి” అన్నారు. కుడికి తిప్పితే శబ్దం పెరిగింది, ఎడమకి తిప్పితే తగ్గింది. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుందట. “బేరింగు పోయింది. పిల్లతో ముందుకెళ్లొద్దు” అన్నారు. 40 దాటకుండా ఇంటికి చేరాం.

మెకానిక్ ఎడమ ముందు చక్రం ఎత్తి తిప్పుతూ, సస్పెన్షన్ స్ప్రింగు మీద చెయ్యి పెట్టమన్నాడు. ఇసుక నలుగుతున్నట్టు గరగర వేళ్లకు తెలిసింది. పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం టకటక కదిలింది. విప్పితే బేరింగులో గ్రీజు లేదు, తుప్పు. సీటు బెల్టు చివరిదాకా లాగితే ఎండిన బురద చార. నీళ్లలో నిలిచిన బండి! 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యమలూరు వైపు మునిగిన కార్లు కళ్ల ముందు కదిలాయి.

బ్రోకర్‌కి ఫోన్ చేశాను. “సార్, మీరే నడిపారు, మీరే సంతకం పెట్టారు. చక్రం ఊడిపోతే అప్పుడు చెయ్యండి” అని పెట్టేశాడు. ఆదివారం దాకా నేను ‘అన్న’ని. మా పాప చేతిలో చాక్లెట్ పెట్టి “ఇక కారులోనే తిరుపతి వెళ్లొచ్చమ్మా” అన్న నోరే అది. ఈ పసిపిల్లను ఎక్కించుకుని హైవే మీదికి వెళ్తామని తెలిసే తాళం ఇచ్చాడు. రెండు రాత్రులుగా ఆ మాట గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు. హబ్ (చక్రం బిగించే భాగం), బేరింగు, లేబర్ కలిపి 7,200 అయింది.

కొనేవాళ్లు పాటలు ఆపించి, అద్దాలు ఎత్తి, నైస్ టోల్ రోడ్డు లాంటి చోట 80లో నడపండి. క్లచ్ నొక్కినా హోరు తగ్గకపోతే అది ఇంజిన్‌ది కాదు. సీటు బెల్టు మొత్తం లాగి చూడండి.

రెండో పక్క బేరింగు కూడా రేపు విప్పమన్నాను.